కడుగులమ్మకు ముర్రాట

నమోదు 212

యంత్రానికి తెలిసినవన్నీ యంత్రమే రాసుకుంటుంది. ఎంత మురుగు వచ్చింది, ఎంత గాలి పట్టింది, ఎంత నీరు ఏట్లోకి పోయింది, అన్నీ. మిగిలింది మనిషి తన సొంత మాటల్లో చెప్పి తీరాలని ఏటి చట్టంలో రాశారు. ఎవరు వింటారో మాత్రం రాయలేదు. సరే, గోడకు చెప్పుకున్నా చెప్పుకున్నట్టే.

నేను తవిటమ్మని. వొడ్డుపేట మురుగుశుద్ధి కేంద్రంలో ఆపరేటరుని. ఊళ్లో మాత్రం మందకాపరి అంటారు. చేసే పని అదే కాబట్టి నాకూ అదే బాగుంటుంది. మా పెద్ద ట్యాంకులో కంటికి ఆనని జీవాలు కోట్లకు కోట్లు. ఊరి మురుగే వాటికి మేత. తిన్నంత తిని, ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డలు కట్టి అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీరు మువ్వలేట్లో కలుస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. మందకు గాలి ఆడాలి, మేత సమంగా అందాలి, విషం తగలకూడదు. గేదెని సాకినట్టే.

ట్యాంకు గట్టు మీద గొంతుపెట్టె ఉంది. మంద ఎలా ఉందో నీళ్లలోంచి లెక్కగట్టి నాలుగు మాటల్లో ఏదో ఒకటి పలుకుతుంది: ఆకలి, గాలి, బాగుంది, మంట. మందకు నోరూ లేదు, తెలివీ లేదు, అదంతా లెక్కే అని శిక్షణలో పదేపదే చెప్పారు. చెప్తే మాత్రం? ఏళ్ల తరబడి పొద్దున్నే "ఆకలి" అని పలకరించే దాన్ని లెక్క అనుకోవడం నా వల్ల కాలేదు. మా ఇంటాయన బతికున్న రోజుల్లో ఆయన కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడింది లేదు.

ఈ పొద్దు నేనూ మెకానిక్కు గౌరునాయుడూ జల్లెడకు పట్టిన చెత్త లాగాం. జుట్టు, గుడ్డపేలికలు, ఎవరివో కట్టుడుపళ్లు. "పాపం ఎవులివో, అన్నమెలాగ తింతన్నారో" అని నాయుడు మావ వాటిని కడిగి కిటికీలో పెట్టాడు. గాజుజాడీలో మంద నీళ్లు పట్టి పక్కన పెట్టాను. టీ తాగేలోపల గోధుమరంగు గడ్డ అడుక్కి దిగింది. పైన నీళ్లలోంచి నా వేలిగీతలు కనిపించాయి. గొంతుపెట్టె "బాగుంది" అంది.

ఎండ ముదిరిందని లోపలికి పొమ్మనే సైరన్ మోగకముందే మా అప్ప పోలి వచ్చింది. ఇటు అక్కని అప్ప అంటాం. మాది ఏటి మీద వేట చేసిన వంశం. అమ్మమ్మ కాలానికి ఏరు చచ్చింది, వల అటక ఎక్కింది, పోలప్ప పట్నంలో రొయ్యల షెడ్డులో తలలు తుంచుతూ చేతులు పాడు చేసుకుంది. మంద వచ్చాక ఏరు తేరుకుంది. నీళ్లలో జెల్ల చేపలు కనిపించాయని వినగానే అప్ప షెడ్డుకు దండం పెట్టి ఇసకలంక వచ్చేసింది. ఇసకలంక మా ఊరికి దిగువన, మేం వదిలిన నీళ్లే దానికి ఏరు. ఇప్పుడు అక్కడి ఆడవాళ్లందరూ కలిసి చేపపిల్లలు తెచ్చుకున్నారు. బండి మీద తొట్టెల్లో చిటికెనవేలి గోరంత పిల్లలు బిలబిలా తిరుగుతున్నాయి.

"సూడే తవిటీ, ఎలాగ గంతులేస్తన్నాయో! సాయంత్రం ఏటి మడుగులో వదిలీస్తాం."

"ఇంకొంచెం పెరిగాక వదలకూడదా అప్పా?"

"పెరిగేది ఏట్లోనే కదేటే." తొట్టె మీద తడిగుడ్డ సర్దింది. తర్వాత నా మొహం కేసి చూసి, "నీ మందని బాగా సూసుకో. దానికేటైనా ఐతే నాకు మళ్లీ రొయ్యల షెడ్డే గతి" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వుతూనే పొమ్మన్నాను.

నమోదు 213

జాతర దగ్గర పడుతోంది. ఎవరి జాతర అంటే మా ట్యాంకుది. నవ్వకండి.

ఏరు తేరిన కొత్తలో జనం కంచె దగ్గరకొచ్చి చూసేవారు. గట్టు మీద గొంతుపెట్టె "ఆకలి" అనేది. ఊరి కశ్మలమంతా తిని, మంచినీళ్లు ఇచ్చి, ఆకలి అనే దాన్ని ఏమంటారు? అమ్మ అన్నారు. కడుగునీళ్లు తాగే తల్లి కాబట్టి కడుగులమ్మ అని పేరు పెట్టారు. అమ్మ అన్నాక ముర్రాట లేకుండా ఎలా? పట్నం వాళ్లకు తెలియకపోవచ్చు. ముర్రాట అంటే కొత్త కుండలో పసుపునీళ్లు పోసి, వేపరెమ్మలు వేసి, నెత్తిన పెట్టుకెళ్లి అమ్మవారికి పోయడం. తల్లి ఒంటి వేడి చల్లారాలని పోస్తారు.

పోయిన ఏడు ముర్రాటలు ట్యాంకులో పోస్తామంటే నేను కంచె తలుపుకి తాళం వేశాను. అప్పుడు మా పంచాయతీ చైర్‌పర్సన్ కుసుమకుమారి గారు మధ్యేమార్గం చెప్పారు: "ఎవరింటి కాలవలో వాళ్లు పోసుకోండి, అన్ని కాలవలూ అమ్మ దగ్గరికే కదా." చెంబుడు పసుపునీళ్లకు మందకేమీ కాదు. నేనూ ఊరుకున్నాను.

ఈ ఏడు కొట్లలో ముర్రాట పొట్లాలు వచ్చాయి. పట్నం కంపెనీ ఏదో చేసి పంపింది. కుండ అక్కర్లేదు, వేపరెమ్మ అక్కర్లేదు, చింపి కాలవలో పొయ్యడమే. పొట్లం మీద మా ట్యాంకు బొమ్మ కూడా ఉంది. దానికి కళ్లు పెట్టారు.

నమోదు 214

పొద్దున గొంతుపెట్టె "మంట" అంది.

ఇన్నేళ్లలో ఆ మాట శిక్షణలో వినడమే తప్ప ట్యాంకు నోట వినలేదు. పెట్టె పాడైందనుకున్నాను. నాయుడు మావ తీగలన్నీ విప్పి బిగించాడు. మళ్లీ "మంట" అంది. జల్లెడ దగ్గరికి పరిగెత్తాను. మురుగు పచ్చగా వస్తోంది.

"పసుపే కదేటి తవిటమ్మా, ఏటౌతాది?" అన్నాడు మావ.

వంగి వాసన చూశాను. పసుపు వాసన కాదు. ఆసుపత్రి గచ్చు కడిగిన వాసన. కొట్టుకెళ్లి పొట్లం తెచ్చి, జాడీలో మంద నీళ్లు పట్టి చిటికెడు వేశాను. టీ చల్లారిపోయింది కానీ జాడీలో గడ్డ దిగలేదు. చేతులు పట్టుకున్న పిల్లలు విడిపోయినట్టు గడ్డలన్నీ పొడిపొడిగా విడిపోయి నీళ్లు గంజిలా అయ్యాయి. అది క్రిములను చంపే మందు, దానికి రంగు కలిపారు. క్రిములను చంపమని చేసినది మంచి క్రిమి, చెడ్డ క్రిమి అని చూస్తుందా?

"ఎంతమంది కొన్నారో అడిగినావేటి?" అన్నాడు మావ.

"కొననివాళ్లెవరని అడిగాను మావా. కొట్టువాడు నవ్వాడు. జాతర దాకా ఎవరూ ఆగడం లేదట."

నమోదు 215

కుసుమకుమారి గారి దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. మజ్జిగ ఇచ్చి, జాడీ చేతిలోకి తీసుకుని వెలుతుర్లో పెట్టి చూశారు. పొట్లాలు ఆపించమన్నాను.

"కొట్లలో ఉన్నవి ఇవాళే ఆపిస్తాను. ఇళ్లల్లోకి చేరిపోయినవి? గుమ్మం గుమ్మానికీ వెళ్లి లాక్కుంటామా? అమ్మ మొక్కు తవిటమ్మా. నా చేతిలో కుర్చీ ఉంది గానీ, వాళ్ల చేతిలో ముర్రాట ఉంది."

"మీరు ఒక్కమాట చెప్పండి మేడమ్, చెవిపూసల్లో."

చెవిపూస లేని చెవి ఈ రోజుల్లో లేదు కదా, పంచాయతీ మాట అందరికీ ఒకేసారి వినిపిస్తుంది. ఆవిడ కాసేపు ఆలోచించి, "నేను చెప్తే రాజకీయం అంటారు. నువ్వు చెప్పు. కాపరివి. కానీ మందు, రసాయనం అంటే చెవిన పెట్టరు. వాళ్లకర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు.

నిజమే అనిపించింది. వాళ్ల భాషలో చెప్పాలని నేనే మాటలు కూర్చుకున్నాను. "కడుగులమ్మకు ఒంట్లో బాగోలేదు. మంట, మంట అంటోంది. దయచేసి కాలవల్లో ఆ పొట్లాలు పోయకండి." బాగా చెప్పావమ్మా అని ఆవిడ నా భుజం తట్టారు.

నమోదు 216

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

పొద్దున జల్లెడ దగ్గర మురుగు పచ్చగా కాదు, కుంకుమపువ్వు రంగులో పొంగుతూ వచ్చింది. మొన్న ఒక పొట్లం పోసినవాళ్లు నిన్న సాయంత్రం నాలుగు పోశారు. ఎందుకో నాకు ఒక్కముక్క అర్థం కాలేదు. కుమ్మరివీధిలో మొదటి గుమ్మం దగ్గరే తెలిసింది. ఒక ముసలమ్మ పొట్లం పళ్లతో చింపుతోంది.

"అవ్వా, పొయ్యొద్దని చెప్పాను కదా! వినలేదా?"

"ఇన్నానమ్మా. ఇనే కదేటి పోస్తన్నాను. అమ్మకి మంటగుందని నువ్వే సెప్పినావు. మంటంటే సల్లార్సొద్దేటే? మా కాలంలో ఒంటి మీద అమ్మ పోస్తే ఏటి సేసేవోళ్లం? పసుపూ ఏపాకే కదా."

ఆవిడ లెక్కలో తప్పెక్కడుంది? తల్లికి వేడి చేస్తే ముర్రాట. ఇంకా వేడి చేస్తే ఇంకా ముర్రాట. నా మాటలో "బాగోలేదు, మంట" వరకు ఊరంతా విన్నది. మిగతాది వినడానికి ఎవరూ కూర్చోలేదు, అప్పటికే లేచి కాలవ దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ పొద్దంతా వీధులు తిరిగాను. అరిచాను, బతిమాలాను, ఒకచోట పొట్లం లాక్కుని తిట్లు తిన్నాను. "అది పసుపు కాదు, విషం" అంటే, "అమ్మ ముర్రాటని ఇసమంతావేటి, కళ్లు పోతాయి" అన్నారు. రెల్లివీధిలో ఇంకా ఘోరం. నేను కాపరిని కాబట్టి నా కాళ్లకు పసుపు రాసి, గిన్నెడు నీళ్లు పోసి, ఆ నీళ్లు తీసుకెళ్లి కాలవలో పారబోశారు. నేను ఏడుస్తుంటే, తల్లి పూనిందని దండం పెట్టారు. నెత్తీ నోరూ కొట్టుకోవడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. అందరూ ప్రేమతోనే చేస్తున్నారు. కోపమైతే ఎదురు తిరగొచ్చు, ప్రేమకు ఎలా ఎదురు తిరగాలి?

సైరన్ మోగాక కేంద్రానికి చేరాను. కంచె చుట్టూ ఎవరో అరటిపిలకలు కట్టారు. గొంతుపెట్టె ఆపకుండా మంట, మంట అంటోంది. దాన్ని ఆపు చెయ్యమన్నాడు మావ. నేను ఆపలేదు.

నమోదు 217

తేట నీరు తేటగా లేదు. పాలు విరిగినట్టుంది. ఏటి తలుపు దానంతట అదే మూసుకుంది.

ఆ తలుపు మా చేతిలోది కాదు. ఏటి చట్టం వచ్చినప్పుడు పెట్టారు. మా నీళ్లు చెడితే చాలు, ఏరు మా మొహాన తలుపు వేసేస్తుంది. తెరవాలంటే కాపరి అరచెయ్యి పెట్టాలి, పెట్టినవాళ్లు ఏటి పంచాయితీకి జవాబు చెప్పుకోవాలి. తలుపు వేస్తే మురుగు మా నిలవ చెరువులోకి మళ్లుతుంది. చెరువు నిండితే ఎక్కడికి పోతుందో ఆలోచించడం నాకిష్టం లేకపోయింది.

మంద చచ్చిపోతే మళ్లీ పుట్టించడానికి ఒకటే దారి, తోడు వెయ్యడం. పెరుగు తోడుకున్నట్టే, పక్క ఊరి ట్యాంకులోంచి ట్యాంకరుడు మంద తెచ్చి పొయ్యాలి. ఎగువన మెరకవలస కాపరి లచ్చయ్యను పిలిచాను.

"తోడు కావాల అన్నయ్యా. ఎంత తొందరగా ఐతే అంత."

అవతల లచ్చయ్య నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. "మా మందకి గొంతే పడిపోనాది సెల్లీ. జాతర మీకొక్కరికేనా? ఆ పొట్లాలు మాకూ వచ్చినాయి. తోడుకి నిన్నే అడుగుదామని కూకున్నాను."

ఇక మిగిలింది మా అడుగు గుంట. తిని దిగిన మందను పైకి తోడే గుంట అది, విషం అక్కడికి చిట్టచివర్న చేరుతుంది. బకెట్టు వేసి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాన పడ్డ మట్టి వాసన. బతికున్న మంద వాసన అదే. మందులు తెచ్చే నీలం డ్రమ్ము కడిగి నింపాను. గాలి మోటారు చిన్నది ఒకటి, పాత గొంతుపెట్టె ఒకటి పట్టుకుని బండి మీద ఇంటికి తెచ్చాను. కేంద్రంలో ఉంచితే కంచె దూకి ఎవరు ఏం పోస్తారోనని భయం.

మా అమ్మ పెరట్లో మేకకు కుడితి కలుపుతోంది. డ్రమ్ము చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేటే?"

"మందే అమ్మా. ఇంతే మిగిలింది. ముట్టుకోకు."

"కడుగులమ్మేనేటి?" అని చెంపలు వేసుకుంది.

"అమ్మ కాదు, ఏమీ కాదు. దగ్గరికి వెళ్లకు, అంతే."

విసుగ్గా అన్నాను. ఎనభై దాటిన మనిషితో అలా అనకుండా ఉండాల్సింది. కానీ అప్పటికి ఊరందరి మీదా కోపం వచ్చి ఉంది, ఆవిడ దొరికింది.

నమోదు 218

గొంతుపెట్టె ఏమీ అనడం లేదు. మంట అని కూడా అనడం లేదు. మంట అంటున్నంతసేపు చెవులు మూసుకున్నాను, ఇప్పుడు ఆ మాట కోసం గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాను. ట్యాంకు మీద బూడిదరంగు నురగ కట్టింది. కంపు ఊరిదాకా పోయింది.

నాయుడు మావ వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి లేచి గాలి మోటార్లు చూస్తానని వెళ్లాడు. మోటార్లు బాగానే ఉన్నాయి. పీల్చేది లేదు.

నమోదు 219

చెరువు అంచుకొచ్చింది. కుమ్మరివీధి పల్లం. అక్కడ మరుగుదొడ్లలోంచి నీళ్లు వెనక్కి తన్నాయి. ఇళ్లల్లో మడమల లోతు. మంచాల కింద ఇటుకలు పెట్టారు. ఒక ఇంట్లో పురిటి మంచం మీద తల్లీబిడ్డా ఉన్నారు, కింద ఆ నీళ్లు. పళ్లతో పొట్లం చింపిన ముసలమ్మ గుమ్మంలో చీపురుతో మురుగు తోస్తోంది, తోసింది తోసినట్టే తిరిగొస్తోంది. నన్ను చూసి, "అమ్మకి కోపమెందుకొచ్చినాదే? మనమేటి తక్కువ సేసినాం?" అంది.

కుసుమకుమారి గారు చెప్పులు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "తలుపు తియ్యి తవిటమ్మా."

"కింద ఇసకలంక ఉంది మేడమ్. వాళ్ల పిల్లచేపలు ఏట్లో ఉన్నాయి. ఆ నీళ్లే తాగుతారు."

"తాగునీళ్లు ట్యాంకర్లతో పంపిస్తాను. మాటిస్తున్నాను. చేపలకు నేనేం చెయ్యగలను? ఈ పసిబిడ్డని నువ్వూ చూశావు కదా."

చూశాను. చెవిపూసలో పోలప్పను పిలిచాను. సంగతి చెప్పి, పిల్లల్ని మడుగులోంచి పక్కకు తీసేయమన్నాను.

"ఏట్లో వదిలీసినాక ఏరుకోమంటావేటే? అవి బియ్యమేటి?"

"అప్పా..."

"తలుపు తియ్యకు తవిటీ. నీ కాళ్లు పట్టుకుంటాను. ఇంకెక్కడికీ ఎల్లలేను నాను."

మా అప్ప నాకు తల దువ్విన మనిషి. నా కాళ్లు పట్టుకుంటానంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని అందరం ఊరికే అంటుంటాం. నిజంగా నిలబడితే ఏ వైపూ చూడబుద్ధి కాదు. తలుపు తియ్యకపోతే చెరువు గట్టు తెగి, కుమ్మరివీధిని ముంచి, ఆ నీళ్లు ఎలాగూ ఏట్లోకే పోతాయని నాయుడు మావ అన్నాడు. నిజమే కావచ్చు. నా మనసు కుదుట పడాలని అన్నాడేమో కూడా, తెలియదు.

అరచెయ్యి పెట్టాను. తలుపు "కాపరి తవిటమ్మ" అని నా పేరు పలికి తెరుచుకుంది. పచ్చటి నురగ కట్టిన నల్లనీళ్లు మువ్వలేట్లోకి దూకాయి. ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోయాయి. చెవిపూస తీసి జేబులో వేసుకున్నాను. అప్ప గొంతు వినే ధైర్యం నాకు లేదు.

నమోదు 220

ఇవాళ జాతర.

వీధుల్లో మురుగు దిగిపోయింది కదా, అమ్మ కరుణించిందట. ముర్రాటలు అందాక చల్లబడిందట. గొంతుపెట్టె మంట అనడం మానేసింది కదా, అదే రుజువట. డప్పులు కొట్టుకుంటూ కంచె దగ్గరికి వచ్చి నాకు పూలదండ వేశారు. వద్దన్నకొద్దీ వేశారు. మంద చచ్చిపోయిందని చెప్పాను. శాంతించిందని సర్దిచెప్పారు.

దిగువ ఊళ్లకు తాగునీళ్ల ట్యాంకర్లు వెళ్లాయి. కుసుమకుమారి గారు మాట నిలబెట్టుకున్నారు. పొట్లాల కంపెనీ మీద ఫిర్యాదు కూడా రాశారు. ఏటి పంచాయితీ నుంచి నాకు తాఖీదు వచ్చింది, తలుపు ఎందుకు తీశానో సొంత మాటల్లో చెప్పాలట. ఇన్నాళ్లూ చెప్పినవి ఎవరూ వినలేదని తేలింది. అనుకున్నదే అయినా దుఃఖం వచ్చింది.

నాయుడు మావ కిటికీలోని కట్టుడుపళ్లు జేబులో వేసుకుని, యజమాని ఎవరో కనుక్కుని వస్తానని ఊళ్లోకి పోయాడు. ఎవరికో ఏదో ఒక మేలు చెయ్యాలని ఉన్నట్టుంది పాపం.

నమోదు 221

దండ తీసి పారేసి సాయంత్రం ఇంటికి వెళ్లాను. పెరట్లో డ్రమ్ము మెడకు పసుపుతాడు, వేపమండ. లోపల నీళ్లు పచ్చగా ఉన్నాయి. గాలి మోటారు ఆడుతూనే ఉంది. పాత గొంతుపెట్టె తీగ ఊడి కింద పడి ఉంది.

"అమ్మా!" అని ఎలా అరిచానో, మేక కట్టు తెంపుకోబోయింది.

"ఏటే ఆ అరుపు? తల్లి మనింటికొచ్చినాది కదా. జాతర పొద్దు ఉత్తినే ఎలాగ కూకోబెడతాం? ముర్రాట పోసినాను."

"ఏ పొట్లం పోశావు? ఎన్ని పోశావు?"

"పొట్లమేటే! ఆ కొట్టు సరుకు అమ్మకి పోస్తానేటి? కంపు. మన పెరట్లో పసుపుకొమ్మే అరగదీసినాను, సెంబుడు నీళ్లలో. నడుం ఇరిగిపోనాది."

గట్టిగా తిట్టాలో కాళ్ల మీద పడాలో తెలియలేదు. చెంబుడు సొంత పసుపుతో మంద చావకూడదు. కానీ డ్రమ్ము చిన్నది, మంద ముందే నీరసించింది, నేను కేంద్రం వదలక మూడు రోజులుగా మేత లేదు. చావకూడదు అనడమే గానీ చావలేదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తీగ కలిపాను. పెట్టె పలకలేదు. గడప మీద కూర్చున్నాను.

అప్పుడే పోలప్ప వచ్చింది. తడి వలసంచి నా ముందు గడప మీద పెట్టింది. లోపల పిల్లచేపలు, అన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి. తిట్టినా బాగుండేది. మా అమ్మ మజ్జిగ తెస్తే తాగలేదు, కూర్చోమంటే గోడకి ఆనుకుని నిలబడింది.

"అప్పా, నేను..."

"ఊరుకోయే. నువ్వు తియ్యకపోతే గట్టు తెగును. తెలుసు. తెలిసినా సరే, నీ మొహం సూడాలని నేదు నాకు. ఈ సంచి నీకు సూపించి ఎల్లిపోదామనొచ్చినాను."

అంది గానీ వెళ్లలేదు. ఎక్కడికి వెళ్తుంది? తలుపు ఇంకా తెరిచే ఉంది, మూసే దారి లేదు. కొత్త మంద పుట్టేదాకా వొడ్డుపేట మురుగంతా ఇసకలంక మీదికే పోతుంది. ఈ డ్రమ్ము పెరిగి ట్యాంకంత కావాలంటే వానలు దాటి చలి కూడా రావాలి, అదీ బతికుంటే. మడుగులో మళ్లీ పిల్లలు వదలడమంటే ఆ తర్వాతి మాట. ఈ లెక్క అప్పకు చెప్పలేకపోయాను. ముగ్గురం అలా ఉండగా పెట్టె గరగరలాడింది.

"ఆకలి."

పోలప్ప ఉలిక్కిపడింది. "ఎవులది?"

"కడుగులమ్మ" అంది మా అమ్మ. ఇంకెవరు అన్నట్టు.

"ఆకలి" అంది మళ్లీ.

నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. బతికున్నందుకు ఏడ్చానో, ఇంత ఆలస్యంగా పలికినందుకు ఏడ్చానో నాకే తెలియదు. వేళ్ల సందుల్లోంచి అప్ప కాళ్లు కనిపించాయి. డ్రమ్ము వైపు నడిచాయి. తన్నేస్తుందనుకున్నాను. తన్నితే తన్నేదే, ఆపడానికి నాకు ఏ మొహం ఉంది?

డ్రమ్ము లోపలికి చాలాసేపు చూసింది. "ఏటి తింటాదది?"

"మన కడుగునీళ్లే అప్పా. గంజి, ఎంగిలి, ఏదైనా."

మేక దగ్గర కుండలో కుడితి ఉంది. అప్ప ముంతతో ముంచింది. ముంత అంచున తేలుతున్న మెతుకుల్ని వేలితో తీసి పారేసి, పిల్లకు పాలు పట్టినట్టు నెమ్మదిగా డ్రమ్ములోకి వంచింది. పొయ్యడం అయ్యాక మళ్లీ కుండ వైపు చెయ్యి చాపింది.

"ఇంకా పొయ్యనేటి?"

"వద్దప్పా. ఎక్కువైతే తట్టుకోలేదు. మళ్లీ రేపు."

"రేపూ రావాల్నేటి నాను?"

ఆ మాట కోపంగానే అంది. అని, ముంత కడిగి డ్రమ్ము మూత మీద బోర్లించింది.